చీకటి గదిలో పోయాయనుకున్న ఏళ్లు

ఇంటర్వ్యూ బోర్డులో బల్లకు అటువైపు కూర్చున్న పెద్దమనిషి నా పరిశోధన పత్రాల జాబితాను రెండుసార్లు తిరగేసి అడిగారు: "ఫ్లోరోసిస్‌తో మొదలుపెట్టారు. తర్వాత కంటిలో వెలుతురును పట్టే ప్రొటీన్లు. ఇప్పుడు నల్లమల మొక్కలు. ఇంతకీ మీ విషయం ఏది?" ఆయన గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నేను ఏదో సర్దిచెప్పి బయటపడ్డాను. ఉద్యోగం వచ్చింది గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నా దగ్గర కొత్తగా చేరే ప్రతి పరిశోధక విద్యార్థీ ఏదో ఒక రూపంలో అదే అడుగుతారు. పోయిన దసరాకు ఊరికి వెళ్తే మా పెద్దనాయన ఇంకా సూటిగా అడిగారు: "పశువుల కళ్లు ముందేసుకుని అన్నేళ్లు చీకటి గదిలో కూర్చున్నావు కదా బిడ్డా, మన ఊరి నీళ్లకు దానివల్ల ఏం ఒరిగింది?"

ఆ మాట అడిగే హక్కు ఆయనకుంది. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక చిన్న ఊరు. నీళ్లలోని ఫ్లోరైడు తెచ్చే ఫ్లోరోసిస్ రోగంతో పెద్దనాయన నడుము వంగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషంతా తిరగాలి. ఇది ఆయనకూ, ఆ బోర్డు సభ్యుడికీ కలిపి రాస్తున్న జవాబు. నేను మూడు దారులు తొక్కానన్నది అబద్ధమనీ, దండగ అనుకున్న ఆ నడిమి ఏళ్లే ఈ రోజు నా మొక్కల పనిని నిజాయితీగా నిలబెడుతున్నాయనీ నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందు రోగం సంగతి. మన దేశంలో నీటి ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగిసిపోతాయని 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా పల్లెల నుంచి మొదటిసారి వైద్యలోకానికి తెలిసింది. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద వ్యాసం అచ్చువేసింది. 1970లలో నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడును అడుక్కి దించే పద్ధతిని రూపొందించి దానికి మా జిల్లా పేరే పెట్టింది. ప్రపంచంలో ఎక్కడ నీటిశుద్ధి పాఠం చెప్పినా 'నల్గొండ టెక్నిక్' అన్న మాట వస్తుంది. ఒక ఊరి పేరు పుస్తకాలకెక్కడానికి ఇంతకన్నా మంచి కారణాలు ఎన్నో ఉండవచ్చు.

బడికి వెళ్లే రోజుల్లో నాకు ఇవేవీ తెలియవు. పళ్ల మీద గార లేని పిల్ల మా తరగతిలో ఒక్కతే ఉండేది, వాళ్లు కొత్తగా హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు. కొందరు మగపిల్లలకు మోకాళ్లు లోపలికి తిరిగి నడిచేటప్పుడు ఒకదానికొకటి తగిలేవి. దీని మీద హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్‌లో రాశారు. నాగార్జునసాగర్ నిండాక చుట్టుపక్కల భూగర్భజలం పైకి వచ్చి, నేల గుణం మారి, జొన్నలోకి మాలిబ్డినం ఎక్కువ చేరుతోందనీ, అది ఒంట్లోని రాగిని బయటికి పంపేస్తోందనీ, ఫ్లోరైడుకు ఇది తోడై ఎముక మెత్తబడుతోందనీ ఆ సంస్థ వాళ్లు తర్వాత వాదించారు. ఆనకట్టకూ, జొన్న రొట్టెకూ, పిల్లవాడి మోకాలికీ మధ్య ఇలాంటి ముడి ఉండవచ్చని చదివిన రోజే నేను జీవరసాయన శాస్త్రం చదవాలని తేల్చుకున్నాను.

పీహెచ్‌డీలో నా పని ఫ్లోరోసిస్ రోగుల రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమునూ, భాస్వరాన్నీ కొలవడం. భాస్వరాన్ని కొలిచిన పద్ధతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించినది. గొట్టంలో నీలిరంగు తేలుతుంది, ఆ రంగు చిక్కదనమే భాస్వరం లెక్క. ఎంజైము వంతు వచ్చేసరికి పసుపు తేలుతుంది. పారా నైట్రోఫినాల్ అనే పదార్థం విడివడి ఇచ్చే పసుపు అది, దాన్ని 405 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి దగ్గర చదువుతాం. ఈ పసుపును గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ రోజుల్లో నేనొక తప్పు చేశాను. ఫ్లోరైడు ఎనొలేజ్ అనే ఎంజైమును ఆపేస్తుందని పుస్తకంలో ఉంది. అది నిజం. మెగ్నీషియం, ఫాస్ఫేటు తోడుగా ఫ్లోరైడు ఆ ఎంజైము గుండెకాయ లాంటి చోట కూర్చుంటుంది. చక్కెర పరీక్షకు రక్తం తీసే బూడిదరంగు మూత గొట్టంలో సోడియం ఫ్లోరైడు వేసేది అందుకే, రక్తకణాలు చక్కెరను తినేయకుండా ఆపడానికి. అయితే రోగుల నీరసానికంతా కారణం ఇదేనని నేను థీసిస్ మొదటి ప్రతిలో ధీమాగా రాసేశాను. మా గురువుగారు ఆ పేజీ పక్కన "ఎంత?" అని ఒక్క మాట రాసి తిప్పి పంపారు. లెక్క వేస్తే, ఆ గొట్టంలో ఉండే ఫ్లోరైడు మా ఊరి మనిషి రక్తంలో ఉండేదానికి వేల రెట్లు. ఒంట్లో నిలిచిపోయే ఫ్లోరైడులో దాదాపు అంతా ఎముకల్లో, పళ్లలో ఇరుక్కుంటుంది. రక్తంలో తిరిగేది చాలా కొద్ది. గొట్టంలో జరిగేది మనిషిలో జరగాలని లేదు. ఆ 'ఎంత?' నా చదువుకు అసలు మొదలు.

ఆ తర్వాతే ఇంకో ప్రశ్న వెంటపడింది. చిన్న అణువు ఒకటి వెళ్లి పెద్ద ప్రొటీనులో కూర్చుంటే ప్రొటీను మారిపోతుంది అంటాం. కూర్చుందని మనకెలా తెలుస్తుంది? ఎక్కడ కూర్చుందో, నిజంగా అదే కూర్చుందో ఎవరు చూశారు? ఫ్లోరైడుతో దీన్ని చూడటం కష్టం, దానికి రంగు లేదు. రంగుతో తన సంగతి తానే చెప్పే జంట ఒకటి ప్రకృతిలో ఉంది. అదే కంటిలోని రోడాప్సిన్. నేను రోగాన్ని వదిలి కాంతి వైపు పారిపోయానని అనుకునేవాళ్లకు ఇక్కడే చెప్పాలి: ప్రశ్న మారలేదు. ఆ ప్రశ్నకు జవాబు కళ్లకు కనిపించే చోటికి వెళ్లాను.

రోడాప్సిన్ అంటే ఆప్సిన్ అనే ప్రొటీను, దాని కడుపులో విటమిన్ ఎ నుంచి వచ్చిన రెటినాల్. మా అమ్మ తరానికి ఇది పుస్తకాల సంగతి కాదు. పొద్దుగూకితే గడప కనపడక తడుముకునే పిల్లలు అప్పట్లో ప్రతి వాడలో ఉండేవారు. రేచీకటి అంటే ఆ ప్రొటీనుకు దాని రెటినాల్ అందకపోవడమే. 1970లో మన దేశం పిల్లలకు ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఎ వేసే పథకం మొదలుపెట్టింది, దాని వెనుక హైదరాబాద్ పోషకాహార సంస్థ చేసిన పని ఉంది. ఈ ప్రొటీను గుట్టు విప్పినందుకు జార్జ్ వాల్డ్ 1967లో నోబెల్ పంచుకున్నారు. కాబట్టి పెద్దనాయనా, ఆ కళ్లు మన ఊరికి అంత దూరమైనవేమీ కావు.

ఆ పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పనివ్వండి, అక్కడ నేను గడిపింది ఏడేళ్లు. కబేళా నుంచి మంచుపెట్టెలో కళ్లు వస్తాయి, వెలుతురు తగలకుండా. మసక ఎర్రదీపం తప్ప మరేదీ లేని గదిలో రెటీనాలను విడదీస్తాం. మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాలు ఎర్రకాంతిని పెద్దగా పట్టించుకోవు కనుక ఆ దీపానికి భయం లేదు. కణపు పొరలో కుదురుకున్న ప్రొటీనును సబ్బు లాంటి డిటర్జెంటుతో మెల్లగా బయటికి తీయాలి. డిటర్జెంటు ఎక్కువైతే ప్రొటీను చెడుతుంది, తక్కువైతే ఉండ కడుతుంది. అంతా అయ్యాక గొట్టంలో మిగిలేది నేరేడు పండు రసం పలచన చేసినట్టు ఉండే ద్రవం. యంత్రంలో పెడితే 500 నానోమీటర్ల దగ్గర శిఖరం. తర్వాత ఒక్క దీపం వేస్తే చాలు, కళ్లముందే ఆ రంగు వెలిసి పసుపవుతుంది. 500 దగ్గర శిఖరం కూలి 380 దగ్గర కొత్తది లేస్తుంది. వంపు తిరిగి ఉన్న రెటినాల్ వెలుతురు తగలగానే నిటారైపోయింది. ఆ మెలిక విప్పుకోవడానికి పట్టే కాలం సెకనులో లక్ష కోట్లవ వంతు కాదు, అందులోనూ ఐదో భాగం.

ఆ వేగం కంటే నన్ను లొంగదీసింది చీకటి. వెలుతురు తగలని రోడాప్సిన్ అణువు తనంతట తాను పొరపాటున మెలిక విప్పుకోవాలంటే సగటున వందల ఏళ్లు పడుతుంది. ఒక్కో రాడ్ కణంలో అలాంటి అణువులు పది కోట్ల దాకా ఉంటాయి కాబట్టి, గాఢాంధకారంలో కూడా రెండు మూడు నిమిషాలకోసారి ఏదో ఒకటి విప్పుకుని, లేని వెలుతురును ఉన్నట్టు చెబుతుంది. కన్ను ఆ అబద్ధాన్ని లెక్కలో వేసుకునే చూస్తుంది. చీకటికీ ఒక లెక్క ఉందని, దాన్ని ముందు కొలవకుండా వెలుతురును కొలవలేమని నాకు నేర్పింది ఆ గది. ప్రతి ప్రయోగంలో మొదటి గొట్టం చీకటి గొట్టం. ఏమీ చేయనిది. దాని రీడింగు రాసుకున్నాకే రెండో గొట్టం ముట్టుకోవాలి. ఏడేళ్లలో ఇది నాకు ఒంటికి పట్టింది.

ఇక మొక్కలు. పాలమూరు వైపు ఉద్యోగానికి వచ్చాక మొక్కల పని చేయమని ఎవరూ బలవంతపెట్టలేదు. నల్లమల కూతవేటు దూరంలో ఉంది, అచ్చంపేట దాటితే అమ్రాబాద్ అడవి. పెంటలనే చెంచు గూడేల్లో ఏ చెట్టు దేనికో చెప్పే పెద్దలు ఇంకా ఉన్నారు. విద్యార్థులూ ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల ఇళ్లలో తెలిసిన విద్యను వాళ్లే ప్రయోగశాలలో పరీక్షించడం కన్నా న్యాయమైన పని నాకు తోచలేదు. అడిగి తెచ్చుకోవాలి, అనుమతి తీసుకోవాలి, చెప్పినవాళ్లకు వాటా దక్కాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం చెప్పేదీ అదే.

మొదటి ఏడాదే ఒక విద్యార్థిని తంగేడుతో పరుగెత్తుకుంటూ వచ్చింది. తంగేడు మన రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో ముందు పేర్చే పువ్వు, మధుమేహానికి దాని కషాయం తాగేవాళ్లు ప్రతి ఊళ్లో కనిపిస్తారు. పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఆల్ఫా గ్లూకోసిడేజ్ అనే ఎంజైము మీద తంగేడు చెక్క రసం వేస్తే ఎంజైము దాదాపు పూర్తిగా ఆగిపోయింది. ఆమె ఆనందం చూస్తే నాకూ ఆనందమే. అదే పరీక్షను పత్రంగా రాసి పంపితే అచ్చు కూడా అవుతుంది, అలాంటివి వందలు అచ్చవుతున్నాయి.

అయితే ఆ పరీక్షలో చూసేదేమిటి? మళ్లీ అదే పారా నైట్రోఫినాల్ పసుపు, మళ్లీ అదే 405. చెక్క రసం తనంతట తానే గోధుమరంగులో ఉండి అక్కడ కాంతిని మింగుతుంది. "చీకటి గొట్టం ఏదమ్మా?" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. ఎంజైము లేకుండా రసం ఒక్కటే పెట్టిన గొట్టం. పెట్టలేదు. ఆ పద్ధతి రాసిన పత్రంలోనూ దాని ఊసు లేదట.

రంగు లెక్క తీసేసినా ఎంజైము ఆగినట్టే కనిపించింది. అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. తంగేడు చెక్కతో మన ఊళ్లలో తోళ్లు పదును చేసేవారు. దానిలోని టానిన్లనే వగరు పదార్థాలు తోలులోని కొల్లాజెన్‌ను పట్టి బిగిస్తాయి, తోలు కుళ్లకుండా ఉండేది అందుకే. కొల్లాజెన్ ప్రొటీనే, ఎంజైమూ ప్రొటీనే. టానిన్ దేన్నైనా పట్టుకుంటుంది! చక్కెర రోగానికి సంబంధమే లేని మరో రెండు ఎంజైముల మీద వేసి చూడమన్నాను. అవీ ఆగిపోయాయి. టానిన్ల దృష్టి మళ్లించడానికి ఆల్బుమిన్ అనే మరో ప్రొటీను కలిపి, ఉండకట్టే అణువులను విడదీయడానికి చిటికెడు డిటర్జెంటు వేసి మళ్లీ చేస్తే, మొదట చూసిన ప్రభావం చాలావరకు మాయమైంది. డిటర్జెంటు ఎంత వేయాలో నా చేతికి తెలుసు. ఆ చెయ్యి తయారైంది ఆ చీకటి గదిలోనే, పెద్దనాయనకు నేను చెప్పాలనుకున్న జవాబు ఇదే.

తంగేడులో మందు లేదని నేను అనడం లేదు. ఆ పరీక్ష ఉందని చెప్పలేదు, అంతే. తర్వాత గురువుగారి 'ఎంత?' ప్రశ్న ఉండనే ఉంది. గొట్టంలో మిల్లీలీటరుకు 500 మైక్రోగ్రాములు వేస్తే ఏదో రసం పనిచేసిందనుకోండి. అంత చిక్కదనం మనిషి రక్తంలో రావాలంటే, ఐదు లీటర్ల రక్తానికి రెండున్నర గ్రాముల ఎండు సారం ఒక్క చుక్క పోకుండా నెత్తురులోకి చేరాలి. కాలేయం దాన్ని ముట్టుకోకూడదు. ఏ కషాయానికీ ఆ భాగ్యం దక్కదు. పేగులోనే పనిచేసే మందైతే లెక్క వేరు, అప్పుడు ఆ లెక్కను వేరుగా వేసి చూపించాలి.

కాంతి ప్రొటీన్ల చదువును నేను ఎప్పుడూ కాదనడానికే వాడుకోలేదు. పొడపత్రి ఆకు నమిలి చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుకలా ఉంటుందని మా వైపు పిల్లలకు కూడా తెలుసు. ఆ ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీది తీపి గ్రాహకాన్ని పట్టుకుంటాయి. ఆ గ్రాహకం కణపు పొరను ఏడుసార్లు అటూ ఇటూ దాటే ప్రొటీన్ల పెద్ద కుటుంబానిది, రోడాప్సిన్ కూడా ఆ కుటుంబంలోదే. మనుషుల్లో ఈ కుటుంబానివి ఎనిమిది వందల దాకా ఉన్నాయి, ఇప్పుడు వాడుతున్న మందుల్లో మూడో వంతు వీటి మీదే పనిచేస్తాయి. ఆ కుటుంబంలో వెన్నెముక ఉన్న జీవి నుంచి మొదట స్ఫటికరూపం తేలింది 2000లో పశువు కంటి రోడాప్సిన్‌దే. ఇంకో ముచ్చట: ఈ ఆమ్లాలు మనిషి నాలుక మీద తీపిని చంపుతాయి, ఎలుక మీద పనిచేయవు. ఎలుకలకు పోసి చూసిందే ఆఖరి మాట అనుకునేవాళ్లు ఈ ఆకు ఒకసారి నమిలి ఆలోచించాలి.

మొక్క కదా, హాని ఏముంటుంది అనే మాట నాకు కోపం తెప్పిస్తుంది. బాలానగర్ సీతాఫలం మనకు గర్వకారణం. దాని గింజల పొడి పేలకు తలకు రాసుకుంటారు, అది కంటిలో పడితే నల్లగుడ్డు మీది పారదర్శక పొర పుండవుతుంది. కంటివైద్యులు ఇలాంటి కేసులను పత్రికల్లో నమోదు చేశారు. పేనును చంపేంత శక్తి ఉన్నది మనిషి పొరను ఎందుకు వదిలిపెడుతుంది?

సరిగా చేస్తే ఈ పని ఎంత అందంగా ఉంటుందో చెప్పే ఉదాహరణ మళ్లీ ఫ్లోరైడు దగ్గరికే తీసుకెళ్తుంది. పోషకాహార సంస్థ వాళ్లు 2000 తర్వాతి ఏళ్లలో పిల్లలకు రోజూ కొంత చింతపండు తినిపించి, మూత్రంలో ఫ్లోరైడు ఎంత పోతోందో కొలిచారు. చింతపండు తిన్నప్పుడు ఎక్కువ పోయింది. మనుషుల్లో చూశారు, తినగలిగిన మోతాదులో చూశారు, పోలిక పెట్టుకుని కొలిచారు. 'నయమవుతుంది' అన్న మాట వాడలేదు. మా ఇంటి చారుకు ఇంతకన్నా గౌరవం ఎవరివ్వగలరు?

జిల్లా విశ్వవిద్యాలయాలు స్థానిక సమస్యల మీదే పనిచేయాలి, మౌలిక పరిశోధన పెద్ద సంస్థలకు వదిలేయాలి అనే వాదన ఈమధ్య బాగా వినిపిస్తోంది. ఉప్పు మళ్లలో బతికే ఊదారంగు సూక్ష్మజీవి మీద 1971లో మొదలైన కుతూహలం, నాచు ప్రొటీన్ల మీదుగా సాగి, 2021లో చూపు పోయిన ఒక మనిషికి పాక్షికంగా చూపు తెచ్చిందని దీనికి జవాబు చెబుతుంటారు. నిజమే, గొప్ప కథే. కానీ నా వాదన యాభై ఏళ్ల తర్వాత ఏదో వస్తుందని కాదు. స్థానిక సమస్య మీద పని ఈ రోజు అబద్ధం కాకుండా ఉండాలంటేనే మౌలిక శిక్షణ కావాలి. పాలమూరు పిల్లలకు సులువైన పరీక్షలు నేర్పి, అవి స్థానికం కాబట్టి చాలనడం వాళ్లను తక్కువ చేయడం. వాళ్ల ఊళ్ల రోగాలు సులువైనవి కావు.

నష్టం లేదని కూడా అనను. కొత్త రంగంలోకి వెళ్లిన ప్రతిసారీ మొదటి రెండేళ్లు పత్రాలు రాలేదు, పదోన్నతి వెనకబడింది. ఒకే విషయం మీద ముప్పై ఏళ్లు కూర్చున్నవాళ్ల లోతు నాకు లేదు, వాళ్లంటే నాకు గౌరవం. కానీ బోర్డులు అడగాల్సింది 'మీ విషయం ఏది' అని కాదు, 'మీ ప్రశ్న ఏది' అని. భాస్వరం కొలిచిన సుబ్బారావే కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అణువును చూశారు, ఫోలిక్ ఆమ్లం తయారుచేసిన బృందాన్ని నడిపారు. బోదకాలుకు మన ఊళ్లలో పంచే డీఈసీ మాత్ర ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది. ఆయన నా బోర్డు ముందు కూర్చుని ఉంటే ఏం చెప్పేవారోనని చాలాసార్లు అనుకున్నాను.

పెద్దనాయన నడుముకు నా దగ్గర మందు లేదు. బిగిసిన ఎముకను వదులు చేసే ఆకు నల్లమలలో ఉందని ఎవరైనా చెబితే డబ్బు ఇవ్వవద్దని ఆయనకు చెప్పాను. ఇప్పుడు ఇంటికి కృష్ణా నీళ్లు వస్తున్నాయి, పొలం దగ్గర కూడా బోరు నీళ్లు తాగొద్దని, ఇంటి నుంచి సీసా పట్టుకెళ్లమని చెప్పాను. ఆయన విన్నారు, తల ఊపలేరు కాబట్టి చెయ్యి ఎత్తారు.

తంగేడు విద్యార్థిని థీసిస్ ఇప్పుడు చివరికొచ్చింది. మొదట్లో అంత సంతోషపెట్టి తర్వాత చేజారిన ఆ ఫలితాన్ని ఉంచాలా, తీసేయాలా అని పోయిన వారం అడిగింది. పూర్తి పట్టికతో రెండో అధ్యాయంలో పెట్టమన్నాను. నిన్న తెచ్చి చూపించింది. రసం ఒక్కటే పోసిన గొట్టం రీడింగులను ఆమె తనంతట తానే మొదటి వరుసలోకి మార్చింది.